క్లిక్ ఎక్కడ తప్పిపోయింది? పైథాన్ బోర్డు గేముల్లో మౌస్ తప్పులు పట్టడానికి ఏ పద్ధతి ఎప్పుడు

నొక్కితే పావు కదలదు. లేదంటే పక్క గడిలో పడుతుంది. లేదంటే ఒక్క నొక్కుకే రెండు ఎత్తులు అయిపోతాయి. ఆడేవాళ్లు ఈ మూడింటికీ 'మౌస్ పనిచేయట్లేదు' అనే ఒక్క మాటే చెబుతారు గానీ మూడింటి కారణాలూ వేరు, వాటిని పట్టే పనిముట్లూ వేరు. ఏ పనిముట్టు తీయాలో తేల్చుకునే ముందు, క్లిక్ ఎంత దూరం వచ్చి ఆగిపోయిందో తెలియాలి.

అది దాటాల్సిన మజిలీలు నాలుగు. ఈవెంట్‌గా (ఏదో జరిగిందని చెప్పే కబురుగా) ప్రోగ్రామ్‌కు అందాలి. పిక్సెల్ స్థానం కాస్తా రో, కాలమ్‌గా మారాలి. వంతు ఎవరిది, గడి ఖాళీయేనా అని చూసి ఆట నియమం ఒప్పుకోవాలి. చివరికి మారిన బోర్డు తెర మీదికి రావాలి. హ్యాండ్లర్ (ఆ ఈవెంట్‌ను అందుకునే ఫంక్షన్) మొదటి వరుసలో ఒక ప్రింట్, రో, కాలమ్ లెక్కగట్టాక ఒకటి, బోర్డు లిస్ట్ మార్చాక ఒకటి పెట్టి, ఒక్కసారి నొక్కి చూడండి. మొదటిదే రాకపోతే తప్పు ఈవెంట్ దగ్గర ఉంది. రెండో ప్రింట్‌లో అంకెలు తేడాగా ఉంటే లెక్కలో ఉంది. అంకెలు సరిగ్గా ఉండి మూడోది రాకపోతే నియమంలో ఉంది. మూడూ వచ్చి తెర మాత్రం మారకపోతే, పైగేమ్ లైబ్రరీలో డిస్‌ప్లే ఫ్లిప్ (గీసినదాన్ని తెర మీదికి పంపే పిలుపు) మరిచిపోవడమో, గీసిన బోర్డు మీద మళ్లీ నేపథ్యం పూయడమో జరిగి ఉంటుంది. నాలుగో మజిలీ గురించి ఇంతకంటే చెప్పాల్సింది పెద్దగా లేదు. అసలు తలనొప్పి మొదటి రెండింటిలోనే.

ప్రింటా, తెర మీద గుర్తులా, డీబగ్గరా, టెస్టా

ప్రింట్‌ను చులకనగా చూడొద్దు. ఈవెంట్ అందిందా లేదా అన్న ప్రశ్నకు అంతకంటే వేగంగా జవాబిచ్చేది లేదు. పైథాన్ 3.8 నుంచి ఎఫ్-స్ట్రింగ్‌లో వేరియబుల్ పేరు పక్కన సమాన గుర్తు పెడితే పేరూ విలువా రెండూ అచ్చవుతాయి. బటన్ సంఖ్య, స్థానం, రో, కాలమ్, వంతు అన్నీ ఒకే వరుసలో చూడొచ్చు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే వచ్చిన ప్రతి ఈవెంట్‌నూ అచ్చు వేయకూడదు. మౌస్ కాస్త కదిలినా పదుల కొద్దీ మోషన్ ఈవెంట్లు వచ్చిపడి, మీకు కావలసిన ఒక్క వరుసా వాటి కింద కొట్టుకుపోతుంది. బటన్ నొక్కిన ఈవెంట్లనే వడగట్టి చూపించండి.

లెక్క తప్పినప్పుడు ప్రింట్ చాలదు. 'రో 3, కాలమ్ 5' అని కనిపిస్తే అది తప్పో ఒప్పో తెలియడానికి మీరు తెర మీద గళ్లు లెక్కపెట్టుకోవాలి. ఇక్కడ తెర మీద గుర్తులే మేలు. క్లిక్ పడిన చోట 3 పిక్సెళ్ల వ్యాసార్థంతో ఎర్ర చుక్క పెట్టడం తేలికైన మార్గం. దానికంటే బాగా పనికొచ్చేది ఇంకొకటి ఉంది: 640×640 తెర మీద 8 పిక్సెళ్లకు ఒకటి చొప్పున బిందువులు తీసుకుని, ఒక్కోదాన్నీ మీ క్లిక్ లెక్క చేసే ఫంక్షన్‌కే ఇచ్చి, వచ్చిన రో, కాలమ్ మొత్తం సరి సంఖ్యైతే ఒక రంగు, బేసైతే ఇంకో రంగు చుక్క వేయండి. మొత్తం 6400 చుక్కలు. వీటిని వేరే సర్ఫేస్ (పైగేమ్‌లో బొమ్మ గీసుకునే పలక) మీద ఒక్కసారి గీసి పెట్టుకుంటే చాలు, ప్రతి ఫ్రేమ్‌లో గీయక్కర్లేదు. బోర్డు గీసిన కోడ్ చూపే గళ్లకూ, క్లిక్ కోడ్ నమ్మే గళ్లకూ మధ్య తేడా ఉంటే ఒక్క చూపులో బయటపడుతుంది: అంచు కలపకపోతే చుక్కల చదరాలు ఒక పక్కకి జరిగి ఉంటాయి, గడి కొలత తేడాగా ఉంటే కుడికి పోయే కొద్దీ ఎడం పెరుగుతుంది. ఈ చుక్కలు క్లిక్ ఫంక్షన్ నుంచే రావాలన్నది ముఖ్యం. బోర్డు గీసే కోడ్‌తోనే గీస్తే రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి, ఏమీ తెలియదు.

డీబగ్గర్‌ను (ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి లోపల చూసే పనిముట్టును) మాత్రం మూడో మజిలీకే దాచుకోండి. 3.7 వెర్షన్ నుంచి ఉన్న బ్రేక్‌పాయింట్ ఫంక్షన్ పెట్టుకోవడం సులువే గానీ, మౌస్ హ్యాండ్లర్ మధ్యలో ప్రోగ్రామ్‌ను ఆపితే ఈవెంట్ లూప్ కూడా ఆగుతుంది. కాసేపటికి విండో స్పందించడం లేదని ఆపరేటింగ్ సిస్టమ్ అంటుంది. అంతకంటే చిక్కు, బటన్ వదిలిన ఈవెంట్ మీరు డీబగ్గర్ విండోలో ఉండగా జరిగిపోయి ఆటకు అందకపోవచ్చు. పావును లాగుతున్నట్టు గుర్తుపెట్టుకున్న వేరియబుల్ అలాగే ఉండిపోతుంది. లేని తప్పును డీబగ్గరే పుట్టించిందన్నమాట. పైక్యూటీ 5లో (క్యూటీ అనే విండోల లైబ్రరీని పైథాన్‌లో వాడే రూపం) ఇంకో మెట్టు ఉంది: పైథాన్ సొంత డీబగ్గర్ పీడీబీలోకి వెళ్లే ముందు పైక్యూటీ రిమూవ్ ఇన్‌పుట్ హుక్ పిలవకపోతే, ఈవెంట్ లూప్ ఇప్పటికే నడుస్తోందన్న సందేశం వరదలా వస్తుంది. ఎత్తు చెల్లుతుందా లేదా చూసే ఫంక్షన్‌లో, మౌస్‌తో సంబంధం లేని చోట ఆపితే ఈ గొడవలు తక్కువ.

టెస్టులు రాసే అలవాటు లేనివాళ్లు కూడా ఒక్క ఫంక్షన్‌కు రాయాలి, పిక్సెల్‌ను గడిగా మార్చేదానికి. అది ఏ గ్రాఫిక్స్ లైబ్రరీనీ ఇంపోర్ట్ చేయకుండా ఎక్స్, వై తీసుకుని రో, కాలమ్ లేదా నన్ (None, అంటే ఏ గడీ కాదని) తిరిగివ్వాలి. గడి 80 పిక్సెళ్లు, అంచు 40, బోర్డు 8×8 అనుకుంటే చూడాల్సిన విలువలు ఇవే: 39కి నన్, 40కీ 119కీ 0, 120కి 1, 679కి 7, 680కి నన్. మధ్యలో ఉన్న 300ను పరీక్షించి ప్రయోజనం లేదు, తప్పులు గోడల దగ్గరే ఉంటాయి. మొత్తం దారిని పరీక్షించాలంటే నకిలీ క్లిక్కులూ పంపొచ్చు: పైగేమ్‌లో ఈవెంట్ పోస్ట్, పైథాన్‌తో వచ్చే విండోల లైబ్రరీ టికింటర్‌లో ఈవెంట్ జనరేట్ (ముందు విండోను అప్‌డేట్ చేశాకే), క్యూటీలో క్యూటెస్ట్ మౌస్ క్లిక్. మొదట ఫంక్షన్ టెస్టు రాయండి. చాలా ఆటలకు అదే సరిపోతుంది.

పైగేమ్‌లో: ఈవెంట్ అందుకోవాలా, స్థితి అడగాలా

గెట్ ప్రెస్‌డ్ 'ఈ క్షణంలో బటన్ నొక్కి ఉందా' అని చెబుతుంది. మౌస్‌బటన్‌డౌన్ 'ఒకసారి నొక్కారు' అని చెబుతుంది. బోర్డు గేముకు కావలసింది రెండోది. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో వేలు 100 మిల్లీసెకన్లు బటన్ మీద ఉంటే గెట్ ప్రెస్‌డ్ ఆరు ఫ్రేముల్లో అవునంటుంది.

ఈ తప్పు ఎప్పుడూ ఒకేలా బయటపడదు, అందుకే చాలాకాలం దాగి ఉంటుంది. 3×3 గళ్ల టిక్-టాక్-టో ఆటలో మొదటి ఫ్రేమ్‌లో గుర్తు పడగానే ఆ గడి నిండిపోతుంది కాబట్టి మిగతా ఐదూ నియమం దగ్గర తిరస్కారానికి గురవుతాయి. అంతా బాగున్నట్టే ఉంటుంది. అదే కోడ్‌ను చదరంగానికి వాడితే, నొక్కితే ఎంపిక, మళ్లీ నొక్కితే రద్దు అన్న చోట పావు మిణుకుమిణుకుమంటుంది. ఫ్రేముల సంఖ్య సరి అయితే ఎంపిక కాదు, బేసి అయితే అవుతుంది. మెనూలో 'మొదలుపెట్టు' నొక్కగానే దాని కింద ఉన్న గడిలో పావు పడిపోతుంటే కారణం కూడా ఇదే: మెనూ పోయింది, బటన్ ఇంకా నొక్కే ఉంది.

స్థితి అడగడం పావును లాగుతున్నప్పుడు బొమ్మను మౌస్ వెంట తీసుకెళ్లడానికి పనికొస్తుంది. ఎత్తు వేయడానికి కాదు.

ఈవెంట్ ఎంచుకున్నాక కూడా రెండు గుంటలున్నాయి. ఒకటి, ఈవెంట్ గెట్‌ను ఒకే ఫ్రేమ్‌లో రెండు చోట్ల పిలవడం, క్విట్ కోసం ఒక లూప్, క్లిక్ కోసం ఇంకోటి. మొదటి పిలుపు క్యూను ఖాళీ చేసేస్తుంది. రెండో లూప్‌కు దక్కేవి ఆ సన్నని సందులో వచ్చినవి మాత్రమే. 'అప్పుడప్పుడు పనిచేస్తుంది' అన్న ఫిర్యాదు వింటే ముందు దీన్నే వెతకండి. లూప్ ఒక్కటే ఉండాలి, లోపల ఇఫ్‌లు ఎన్నైనా ఉండొచ్చు.

రెండోది ఇండెంటేషన్. క్లిక్ చూసే ఇఫ్ పొరపాటున ఫర్ లూప్ బయటికి జరిగితే పైథాన్ ఏ తప్పూ చూపదు, ఎందుకంటే లూప్ ముగిశాక కూడా ఈవెంట్ అనే పేరులో చివరి ఈవెంట్ మిగిలే ఉంటుంది. నొక్కిన వెంటనే అదే ఫ్రేమ్‌లో మౌస్ కదిలితే చివరిది మోషన్ అవుతుంది, క్లిక్ పోతుంది. మౌస్ కదలకపోతే చివరిది క్లిక్కే. కొత్త ఈవెంట్ వచ్చేదాకా ప్రతి ఫ్రేమ్‌లోనూ అది మళ్లీ మళ్లీ నడుస్తుంది. ఒకే తప్పుకు రెండు విరుద్ధ లక్షణాలు కావడంతో ఎవరైనా మౌస్‌నే అనుమానిస్తారు.

బటన్ సంఖ్య కూడా చూడాలి. పైగేమ్‌లో 1 ఎడమ, 2 మధ్య, 3 కుడి. చక్రం తిప్పినా 4, 5 సంఖ్యలతో బటన్‌డౌన్ వస్తుంది, వెర్షన్ 2లో చక్రానికి వేరే ఈవెంట్ వచ్చినా ఈ పాతవీ వస్తూనే ఉన్నాయి. బటన్ 1 అని అడగని ఆటలో చక్రం తిప్పితే పావులు రాలుతాయి. స్థానాన్ని కూడా ఈవెంట్‌లోని పోస్ నుంచే తీసుకోండి. గెట్ పోస్ ఇప్పుడు మౌస్ ఎక్కడుందో చెబుతుంది గానీ నొక్కినప్పుడు ఎక్కడుందో చెప్పదు.

నొక్కినప్పుడు స్పందించాలా, వదిలినప్పుడా? గడిని తాకి పావు పెట్టే ఆటకు నొక్కినప్పుడే బాగుంటుంది, చురుగ్గా అనిపిస్తుంది. మెనూ బటన్లకు వదిలినప్పుడు, పొరపాటున నొక్కినవాళ్లు పక్కకు జరిపి తప్పించుకునే వీలుంటుంది. లాగడం, నొక్కడం రెండూ ఉన్న ఆటలో నొక్కిన చోటును గుర్తుపెట్టుకుని, కొన్ని పిక్సెళ్లు దాటి కదిలితేనే లాగడం అనుకోండి. క్యూటీ ఇందుకు పెట్టుకున్న సహజ హద్దు 10. ఆ హద్దు లేకపోతే టచ్‌ప్యాడ్ వాడేవాళ్ల వేలు కాస్త వణికినా క్లిక్ కాస్తా లాగుడు అవుతుంది.

పిక్సెల్ నుంచి గడికి: భాగహారమా, చతురస్రాల లిస్టా

సమాన గళ్ల బోర్డుకు భాగహారాన్ని మించింది లేదు: కాలమ్ = (ఎక్స్ - ఎడమ అంచు) // గడి, రో = (వై - పై అంచు) // గడి. రెండు వరుసల కోడ్. ఆ రెండు వరుసల్లోనే నాలుగు తప్పులు చేయొచ్చు.

ఎక్స్ నుంచి కాలమ్ వస్తుంది, రో కాదు. బోర్డు లిస్ట్‌లో మొదటి ఇండెక్స్ రో. వీటిని తారుమారు చేస్తే క్లిక్ మూలరేఖకు (పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు పోయే గీతకు) అవతలి గడిలో పడుతుంది. మూలరేఖ మీది గళ్లు మాత్రం సరిగ్గానే పనిచేస్తాయి. పరీక్షించేవాళ్లు ముందు పై ఎడమ మూల, తర్వాత మధ్య, ఆపై కింది కుడి మూల నొక్కుతారు కాబట్టి ఇది తప్పించుకుంటుంది. ఎప్పుడూ పై కుడి మూల నొక్కి చూడండి.

ఒక్క గీత భాగహారం వాడితే ఫ్లోట్ వస్తుంది, లిస్ట్ ఇండెక్స్‌గా పనికిరాదని టైప్ ఎర్రర్ పడుతుంది. ఇది మంచి తప్పు, అరిచి చెబుతుంది. దాన్ని సర్దడానికి చుట్టూ ఇంట్ పెట్టడం చెడ్డ మందు. బోర్డుకు ఎడమన 5 పిక్సెళ్ల దూరంలో నొక్కితే -5 / 80 విలువ -0.0625, ఇంట్ దాన్ని సున్నా వైపు కత్తిరిస్తుంది, అంచు మీది క్లిక్ మొదటి కాలమ్‌లో పడుతుంది. రెండు గీతల భాగహారం -1 ఇస్తుంది, అది నిజం. కానీ పైథాన్ లిస్ట్‌లో -1 అంటే చివరి అంశం! ఎడమ అంచు మీద నొక్కితే కుడి చివరి కాలమ్‌లో పావు ప్రత్యక్షమవుతుంది. కుడి అంచు దాటితే ఇండెక్స్ ఎర్రర్‌తో ఆట ఆగిపోతుంది గనక ఆ వైపు అందరూ సరిచేస్తారు, ఎడమ వైపు అలాగే వదిలేస్తారు. రో, కాలమ్ రెండూ 0కీ బోర్డు కొలతకూ మధ్య ఉన్నాయా అని లిస్ట్‌ను తాకే ముందే చూడాలి.

గళ్లు సమానంగా లేకపోతే, ఆస్తుల ఆటల బోర్డులా మూలల్లో పెద్దవి, మధ్యలో సన్నవి ఉంటే, రెక్ట్‌ల (పైగేమ్ దీర్ఘచతురస్రాల) లిస్ట్ పెట్టుకుని, బిందువు లోపల ఉందా అని చెప్పే కొలైడ్‌పాయింట్‌ను అడగడమే మేలు. 40 గళ్లను ఒక్కో క్లిక్‌కూ వెతకడం కంప్యూటర్‌కు లెక్కలోనిది కాదు. కొలైడ్‌పాయింట్ కుడి, కింది అంచులను లోపలివిగా పరిగణించదు కాబట్టి ఆనుకున్న రెండు గళ్లు ఒకే క్లిక్‌ను పంచుకోవు. గళ్ల మధ్య గీత కోసం ఖాళీ వదిలితే ఆ ఖాళీలో పడ్డ క్లిక్ ఎవరికీ చెందదు, 'ఒక్కోసారి పట్టించుకోదు' అన్న ఫిర్యాదు అక్కడి నుంచే. రెక్ట్‌లను ఆనించి పెట్టి, గీతను పైన గీయండి.

గో ఆటలో రాయి గడిలో కాదు, గీతలు కలిసే చోట పడుతుంది. 19×19 బోర్డుకు 361 కూడళ్లు. అంచును మొదటి గీత దగ్గర నుంచి కొలిచి, అర గడి కలిపి భాగించండి: (ఎక్స్ - అంచు + గడి // 2) // గడి. రౌండ్ వాడొద్దంటాను: పైథాన్‌లో 0.5ను 0కీ, 1.5ను 2కీ, 2.5ను మళ్లీ 2కే సర్దుతుంది, సరిగ్గా మధ్యలో నొక్కినప్పుడు ఒక్కో చోట ఒక్కో వైపు వెళుతుంది. కూడలికి గడిలో 40 శాతం కంటే దూరంగా పడిన క్లిక్‌ను వదిలేయడం ఇంకా మంచిది. షడ్భుజాల బోర్డుకు రెక్ట్ అసలు పనికిరాదు, మూలలు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. క్లిక్‌కు అన్నిటికంటే దగ్గరి కేంద్రం ఏ గడిదో చూడండి. క్రమ షడ్భుజాలకు ఈ జవాబు కచ్చితమైనదే, ఉజ్జాయింపు కాదు.

మీరు 640 పిక్సెళ్ల సర్ఫేస్ మీద గీసి 960 విండోకు సాగదీస్తుంటే, మౌస్ స్థానం విండోది. గడి లెక్కకు ముందే 1.5తో భాగించాలి. పైగేమ్ 2లోని స్కేల్డ్ ఫ్లాగ్ వాడితే ఆ పని అదే చేస్తుంది, అప్పుడు మీరూ భాగిస్తే రెండుసార్లు అవుతుంది.

టికింటర్, క్యూటీ, ఆర్కేడ్, టర్టిల్

టికింటర్‌లో మొదటి ప్రశ్న, గడికో బటన్ పెట్టాలా, ఒకే కాన్వాస్ వాడాలా అన్నది. 3×3 ఆటకు బటన్లు హాయి, పిక్సెల్ లెక్కే ఉండదు. 8×8 దాటితే, లేదా పావు కదలిక చూపించాలంటే కాన్వాస్.

బటన్ల దారిలో రెండు ప్రసిద్ధ తప్పులు. కమాండ్‌కు ఫంక్షన్ పేరు బదులు కుండలీకరణాలతో పిలుపు ఇస్తే అది విండో తెరుచుకోకముందే నడిచిపోతుంది, తర్వాత ఎంత నొక్కినా ఏమీ కాదు. లూప్‌లో లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) రాస్తే అన్ని బటన్లూ చివరి గడినే చెబుతాయి, ఎందుకంటే లాంబ్డా ఆర్, సీ విలువలను నొక్కినప్పుడు చూస్తుంది, రాసినప్పుడు కాదు. లాంబ్డాకు ఆర్=ఆర్, సీ=సీ అని డిఫాల్ట్‌లు ఇస్తే సరి.

ఇదే మందును క్యూటీకి పట్టుకెళ్తే వికటిస్తుంది. అక్కడ క్లిక్‌డ్ సిగ్నల్ తనంతట తాను చెక్‌డ్ అనే బూలియన్‌ను మొదటి ఆర్గ్యుమెంట్‌గా పంపుతుంది. అది మీ ఆర్‌లోకి దూరుతుంది. ఫాల్స్ అంటే పైథాన్‌కు 0 కాబట్టి ఏ బటన్ నొక్కినా పై వరుసలోనే పావు పడుతుంది, కాలమ్ మాత్రం సరిగ్గా ఉంటుంది. లాంబ్డాకు ముందు చెక్‌డ్ అనే పేరు చేర్చి, తర్వాత ఆర్=ఆర్, సీ=సీ రాయండి.

టికింటర్ కాన్వాస్‌లో క్లిక్‌ను కాన్వాస్‌కే బైండ్ చేసి భాగహారం చేయడం, గడి బొమ్మలకు ట్యాగ్ బైండ్ చేయడం అని రెండు దారులు. మొదటిదే తీసుకోండి. ట్యాగ్ దారిలో చతురస్రం మీద గీసిన పావు క్లిక్‌ను తానే తీసుకుంటుంది, కింది చతురస్రానికి అందదు. ఫిల్ ఖాళీగా ఉన్న చతురస్రం లోపల నొక్కినా దానికి తెలియదు, గీత మీద నొక్కితేనే తెలుస్తుంది. రూట్ విండోకు బైండ్ చేయడం ఇంకా ప్రమాదం: పిల్ల విడ్జెట్ల మీది క్లిక్కులూ అక్కడికి వస్తాయి, కానీ ఎక్స్, వై ఆ పిల్ల విడ్జెట్ మూల నుంచి కొలిచినవి. కాన్వాస్ స్క్రోల్ అయ్యేదైతే కాన్వాస్‌ఎక్స్, కాన్వాస్‌వైలతో మార్చుకోవాలి.

క్యూటీ గ్రాఫిక్స్ వ్యూలో కూడా వ్యూ స్థానాన్ని మ్యాప్ టు సీన్‌తో మార్చాకే లెక్క. క్యూటీ 6లో పొజిషన్ ఫ్లోట్‌లిస్తుందని గుర్తుంచుకోండి. కదిలించడానికీ ఎంచుకోవడానికీ వీలివ్వని ఐటమ్‌కు డిఫాల్ట్ ప్రెస్ హ్యాండ్లర్ ఈవెంట్‌ను వదిలేస్తుంది, దాంతో రిలీజ్ దానికి రాదు. రిలీజ్ కావాలంటే ప్రెస్‌ను మీరే రాసి యాక్సెప్ట్ చేయాలి.

ఆర్కేడ్ అనే గేమ్ లైబ్రరీలో మూలబిందువు కింద ఎడమన ఉంటుంది, వై పైకి పెరుగుతుంది. పైగేమ్ కోడ్ తెచ్చి పెడితే బోర్డు తలకిందులవుతుంది. 8×8 బోర్డుకు రోను 7 నుంచి తీసివేయాలి. కుడి బటన్ అక్కడ 4, పైగేమ్‌లోలా 3 కాదు. అంకెలు కాకుండా లైబ్రరీ ఇచ్చిన పేర్లు వాడితే ఈ బెడద ఉండదు. టర్టిల్‌లో మూలబిందువు విండో మధ్యలో, విలువలు ఫ్లోట్‌లు. ఇంట్‌తో కత్తిరిస్తే సున్నాకు అటూ ఇటూ ఉన్న రెండు గళ్లు ఒకటైపోతాయి. రెండు గీతలతో భాగించి, ఆ తర్వాతే ఇంట్ చేయండి.

కంప్యూటర్ ఆలోచిస్తుండగా పడే క్లిక్కులు

హ్యాండ్లర్‌లోనే మినీమాక్స్ (కంప్యూటర్ తన ఎత్తును వెతికే లెక్క) నడిపితే, అది రెండు సెకన్లు తీసుకుంటే, ఆ రెండు సెకన్లలో విసుగుతో నొక్కిన ప్రతి క్లిక్కూ క్యూలో కూర్చుంటుంది. ప్రత్యర్థి ఎత్తు పడగానే అవన్నీ మీ ఎత్తులుగా వరసగా వచ్చిపడతాయి. ప్రింట్‌లో చూస్తే ప్రతి క్లిక్కూ చెల్లేదే, వంతు కూడా సరైనదే, అందుకే నియమంలో ఎంత వెతికినా తప్పు దొరకదు.

తేలికైన మందు పైగేమ్‌లో: లెక్క ముగిశాక మౌస్ ఈవెంట్లను మాత్రం క్లియర్ చేయండి. అన్నిటినీ తుడిచేస్తే విండో మూయమన్న క్విట్ కూడా పోతుంది. ఆలోచన అర సెకను లోపైతే ఇది చాలు. అంతకు మించితే లెక్కను వేరే థ్రెడ్‌కో ప్రాసెస్‌కో పంపి, లూప్‌ను నడుస్తూ ఉండనిచ్చి, 'వంతు కంప్యూటర్‌ది' అన్నప్పుడు వచ్చిన క్లిక్‌ను మొదటి వరుసలోనే పారేయండి. టికింటర్‌లో స్లీప్ బదులు ఆఫ్టర్ వాడాలి. హ్యాండ్లర్ మధ్యలో అప్‌డేట్ పిలిచి విండోను బతికించే ఉపాయం చాలామందిని ఆకర్షిస్తుంది గానీ, ఆ పిలుపులోనే ఇంకో క్లిక్ అందుకుని మొదటి హ్యాండ్లర్ పూర్తికాకముందే రెండోది మొదలవుతుంది. వేరే థ్రెడ్ నుంచి టికింటర్, క్యూటీ విడ్జెట్లను తాకొద్దు. ఫలితాన్ని క్యూలో పెట్టి, ఆఫ్టర్‌తో గానీ సిగ్నల్‌తో గానీ ప్రధాన థ్రెడ్ చేతే బోర్డు మార్పించండి.